కొరమేనుకు అభినందనలు

"అభినందనలు! మీ గింజలో మందు నిండుగా ఉంది. ఇలాగే ఆరోగ్యంగా ఉండండి," అంది మిషన్, పెళ్లివారిని విడిదింట్లోకి పిలిచే గొంతుతో.

బల్ల మీద చెయ్యి చాపి కూర్చున్న నాంచారి ఆ మాటకేమీ సంతోషించలేదు. నోరు తెరిచి నాలుక చూపించింది. దాని మీద పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత. కళ్ల కింద గుంటలు. ఐదో నెల కడుపు ముందుకు వస్తోందే కానీ, మిగతా మనిషి లోపలికి పోతున్నట్టుంది.

"మెతుకు మింగబోతే మంట డాక్టరమ్మా. పొద్దు వాలేసరికి ఒళ్లు కాలిపోతంది. ఇదేమో వచ్చినప్పుడల్లా అభినందనలంటది. ఎవురికంట?"

డాక్టర్ ఎస్తేరు రాణి మిషన్ని మరోసారి ఆమె చేతి మీద పెట్టింది. నీలం వెలుతురు పడింది. చర్మం కింద నుంచి ఆకుపచ్చటి కాంతి తేలింది. మిషన్ మళ్లీ అదే మాట, అంతే ఉత్సాహంగా అంది.

రేవులపాడు ఏరియా ఆస్పత్రిలో హెచ్‌ఐవీ రోగుల్ని చాలా ఏళ్లుగా చూస్తోంది ఎస్తేరు. ఈ గింజలు రాకముందు అందరికీ రోజూ మాత్రలే. ఆడవాళ్లు వాటిని కందిపప్పు డబ్బాల్లో, పాత చీరల మడతల్లో దాచుకునేవారు. అత్తగారు డబ్బా కడిగిన రోజు మందు మానేసేవారు. అలాంటి రోజుల్లో ఒక విదేశీ కంపెనీ ఈ గింజను తెచ్చింది. బియ్యపు గింజంత ఉంటుంది. మోచేతికి కాస్త పైన, లోపలి వైపు చర్మం కింద పెడితే నెలల తరబడి మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి వదులుతుంది. మందుతోపాటే అందులో ఒక రంగు కూడా ఉంటుంది. నీలం వెలుతురు పడితే ఆ రంగు పచ్చగా వెలుగుతుంది. మందు తరిగే కొద్దీ వెలుగూ తరుగుతుంది. మిషన్ చేతిని ఫొటో తీసి ఆ వెలుగును కొలుస్తుంది. బాగా మసకబారిందనుకుంటే గోడకున్న ఉక్కు పెట్టెకు చెబుతుంది. పెట్టె తెరుచుకుని ఒక్క కొత్త గింజనిస్తుంది. మిషన్ చెప్పకపోతే దేవుడొచ్చి అడిగినా ఇవ్వదు.

రక్తం తీయక్కర్లేదు, ల్యాబులక్కర్లేదు, పేద దేశాలకు ఇంతకంటే ఏం కావాలి అన్నారు. జిల్లాలో వైరస్ పరీక్షలు చేసే ల్యాబు మూసేశారు. మిగిలిన మాత్రలు వ్యాన్లలో వెనక్కి వెళ్లిపోయాయి. అప్పుడు ఎస్తేరు కూడా సంతోషించింది. పప్పు డబ్బాల బాధ పోయిందనుకుంది.

తరువాత లూర్దమ్మ పోయింది. పసుపు యార్డులో కొమ్ములు ఏరే మనిషి. పోయే వారం ముందు కూడా మిషన్ ఆమెను అభినందించింది. మందు నిండుగా ఉందంటే జబ్బు ఇంకేదో అయి ఉంటుందని క్షయకు, టైఫాయిడ్‌కు వెతికారు. వెతుకుతుండగానే ఆమె ఊపిరి ఆగింది.

"మీ ఆయన గింజ మార్చాం కదూ?" అడిగింది ఎస్తేరు.

"పోయిన నెల్లోనే మార్చారు గదా. ఆయన చెయ్యి పెట్టంగానే పెట్టె టక్కున తెరుచుకుంది. ఇద్దరికీ ఒకే రోజు వేశారు డాక్టరమ్మా. ఆయనది అయిపోతే నాది ఎట్టా నిండుగా ఉంది? నేనేమన్నా పొదుపుగా వాడుకున్నానా?"

పక్కనే దూది మడతపెడుతున్న నర్సు రహమత్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఎస్తేరు నవ్వలేదు. నాంచారి మొగుడు ఏడుకొండలు ఆటో తోలతాడు, పెళ్లాం పసుపు యార్డులో పని చేస్తుంది. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే రోజు వేసిన గింజలు. మగవాడి గింజ తరిగింది, ఆడదాని గింజ తరగలేదు. గుర్తు చేసుకుంటే ఈ మధ్య పెట్టె తెరుచుకున్నదంతా మగవాళ్ల కోసమే.

బిడ్డ పుట్టేలోగా తల్లి ఒంట్లో వైరస్ అణగకపోతే బిడ్డకూ అంటుకునే ప్రమాదం ఉంది. నాంచారికి నాలుగు నెలల గడువుంది. ఎస్తేరు ఆ రోజే ఆమె రక్తం తీసి విజయవాడలో ఒక ప్రైవేటు ల్యాబుకు పంపింది. రక్తంలో వైరస్ విపరీతంగా ఉందని తేలింది. ఆ కాగితం పంపిస్తే కంపెనీ జిల్లా అధికారి అన్వేష్ ఫోన్ చేశాడు.

"బయటి ల్యాబు రిపోర్టులు మా సిస్టమ్ తీసుకోదు మేడమ్. మిషన్ రీడింగే ఫైనల్. అన్నట్టు మీకో గుడ్‌న్యూస్. రాష్ట్రం మొత్తంలో మీ సెంటర్‌దే మొదటి స్థానం. గింజ తరగని ఆడవాళ్లు మీ ఊళ్లో ఉన్నంతమంది ఎక్కడా లేరు!"

* * *

ఆదివారం చర్చి నుంచి రాగానే ఎస్తేరు భర్త ఇమ్మానుయేలు మాస్టారు సంచీలోంచి కొరమేను తీశాడు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. చేప ముక్కల లెక్క కూడా తానే చూసుకుంటానని బజారులో కోయించకుండా తెస్తాడు. ఆయన ఉల్లిపాయలు తరుగుతుంటే ఎస్తేరు ముక్కలకు ఉప్పు, కారం, పసుపు పట్టిస్తోంది.

ఆస్పత్రిలో ప్లగ్గులు పనిచేయట్లేదని ఆమె మిషన్ని ఇంటికి తెచ్చి వంటింటి గూట్లో చార్జింగు పెట్టింది. నిండిందేమోనని చేపల చేత్తోనే మీట నొక్కింది. నీలం వెలుతురు ఆమె వేళ్ల మీద పడింది.

వేళ్లు పచ్చగా వెలిగాయి.

"అభినందనలు! మీ గింజలో మందు నిండుగా ఉంది."

ఇమ్మానుయేలు కత్తిపీట మీద నుంచి తలెత్తాడు. "నువ్వెప్పుడు వేయించుకున్నావు గింజ?"

ఆమె మిషన్ని మెల్లగా కిందికి వంచి పళ్లెంలోని కొరమేను తలకు ఆనించింది.

"అభినందనలు! మీ గింజలో మందు నిండుగా ఉంది. ఇలాగే ఆరోగ్యంగా ఉండండి."

"పాపం, దానికి ఆ సంగతి పొద్దున తెలిస్తే బాగుండేది," అని ఆయన పగలబడి నవ్వాడు. నవ్వుతూ భార్య ముఖం చూసి ఆగిపోయాడు. "ఏమైంది ఎస్తేరూ?"

"పసుపండీ," అంది ఆమె. "నీలం వెలుతుర్లో పసుపు కూడా పచ్చగానే వెలుగుతుంది. ఇది ఇన్నాళ్లూ చూసింది గింజను కాదు. వాళ్ల చేతులకంటిన పసుపును. లూర్దమ్మ చేతి మీద పసుపును చూసి మందనుకుంది. నేనూ అనుకున్నాను."

ఆ రోజు చేపల పులుసు పొయ్యి మీదే అడుగంటింది.

రేవులపాడంటేనే పసుపు. యార్డులో కొమ్ములు ఉడకేస్తారు, ఎండబోస్తారు, డ్రమ్ముల్లో వేసి మెరుగు పెడతారు. ఆ దుమ్ము వీధుల్లోకి వస్తుంది, పాలప్యాకెట్ మీద వాలుతుంది. అక్కడ పని చేసే ఆడవాళ్లలో ఏ మతం వాళ్లయినా మోచేతుల పైదాకా పచ్చగానే ఉంటారు. దానికి తోడు శుక్రవారం ఒంటికి రాసుకునే పసుపు ఉండనే ఉంది. మర్నాడు నాంచారి చేతిని స్పిరిట్‌తో తుడిచి చూసింది ఎస్తేరు. దూదులు పచ్చబడుతూనే ఉన్నాయి. వెలుగు కాస్త తగ్గింది కానీ పెట్టె తెరుచుకునేంత తగ్గలేదు. ఏళ్ల తరబడి చర్మం పగుళ్లలోకి దిగిన పసుపు దూదికి వస్తుందా!

"ఇంకా రుద్దితే తోలు ఊడొస్తది డాక్టరమ్మా," అంది నాంచారి. "అప్పుడు తెరుచుకుంటదేమో చూడండి."

* * *

మొదటి స్థానం షీల్డు పట్టుకుని అన్వేష్ వచ్చాడు. ఆస్పత్రి హాల్లో కుర్చీలు వేశారు. ఫొటో తీసేవాడు కూడా వచ్చాడు. ఎస్తేరు షీల్డు అందుకోలేదు. దీపం పక్కన పళ్లెంలో ఉన్న పసుపు చిటికెడు తీసి, అన్వేష్ చెయ్యి పట్టుకుని మణికట్టు మీద రాసింది. బొట్టు పెట్టి మర్యాద చేస్తున్నారనుకుని అతను వినయంగా నవ్వాడు. ఆమె మిషన్ ఆనించింది.

"అభినందనలు!" అంది మిషన్ హాలంతా వినబడేలా.

"మీకు గింజ ఉందా అన్వేష్ గారూ?"

"లేదు మేడమ్!" అతని ముఖం పాలిపోయింది. జబ్బు లేదని అందరికీ చెప్పాలన్న తొందరలో చుట్టూ చూశాడు.

"మిషన్ ఉందంటోంది. మీ సిస్టమ్‌కు మిషన్ రీడింగే ఫైనల్ కదా. లూర్దమ్మకు ఇదే రీడింగు చూపించి మట్టిలో పెట్టాం."

అతను చెడ్డవాడేం కాదు. ఫొటోలు ఆపించాడు, షీల్డు బల్ల మీదే వదిలి, అంతా రాసుకుని వెళ్లాడు. రెండు వారాల్లో కంపెనీ నుంచి పరిష్కారం వచ్చింది. గోడలకు అంటించమని రంగుల పోస్టర్లు. వాటి మీద పసుపు గిన్నె బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత. 'గింజ వేయించుకున్న మహిళలు పసుపు రాసుకోరాదు. పసుపు పనులకు వెళ్లరాదు. మీ ఆరోగ్యం మీ బాధ్యత.'

ఆఖరి మాట చదివేసరికి ఎస్తేరుకు చెవులు వేడెక్కాయి. అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"సింపుల్ సొల్యూషన్ కదా మేడమ్," అన్నాడు అన్వేష్. "రంగు మార్చాలంటే మళ్లీ ట్రయల్స్ చేయాలి. రెండేళ్లు పడుతుంది."

"నాంచారి బిడ్డ రెండేళ్లు ఆగుతుందా? మాత్రలు తిరిగి పంపండి. ల్యాబు తెరిపించండి. రక్తం చూసి మందిస్తాను."

"రక్తం తీయక్కర్లేదన్నదే మా ప్రాజెక్టు మేడమ్. దాతలకు ఏమని చెప్పమంటారు?"

"ఈ గింజను మొదట ఎవరి చేతుల మీద పరీక్షించారు?"

"అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, విదేశాల్లో వాలంటీర్ల మీద..."

"ఆ చేతులు ఎప్పుడైనా పసుపు దంచాయా? మట్టి పిసికాయా? బట్టలుతికాయా? పేద దేశాల కోసమని చేసి, పేదవాళ్ల చేతుల్ని మాత్రం చూడలేదు. మిషన్‌కు మా చేతులు సరిపడకపోతే చేతుల్ని మార్చుకోమంటారా? ఈ ఊళ్లో పసుపు లేని చెయ్యంటే ఏమిటో తెలుసా? ఇన్నాళ్లు వాళ్లు ఇంట్లో గోడలకు కూడా చెప్పకుండా దాచుకున్నదాన్ని మీరు వాళ్ల చేతుల మీద రాసి వీధిలో నిలబెడుతున్నారు!"

"పై నుంచి వచ్చింది మేడమ్. నేనేం చేయను," అన్నాడు.

ఆమె భయపడినట్టే అయింది. పోస్టరు చదివినవాళ్లలో రోగులే కాదు, ఊరంతా ఉంది. యార్డు మేస్త్రి పనిలోకి రాని ఆడవాళ్ల పేర్లు గట్టిగా పిలిచి, రానందుకు కారణం అందరి ముందూ ఊహించి నవ్వాడట. శుక్రవారం పసుపు రాసుకోని కోడలిని అత్త నిలదీసింది. ఒకామె పుట్టింటికి వెళ్లిపోయింది. నాంచారి మాత్రం యార్డు మానలేదు. మోచేతుల పైదాకా పచ్చటి చేతులతోనే ఆస్పత్రికి వచ్చింది.

"కావాలనే రాసుకొచ్చా డాక్టరమ్మా. దోవలో అందరూ నా చేతులే చూస్తన్నారు. మా అత్త పొద్దున్నే పసుపు గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, రాసుకో చూస్తా అంది. రాసుకున్నా. ఏం జెయ్యమంటారు? మానితే ఇంట్లోంచి తోస్తారు. మానకపోతే గింజ రాదు." ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది. "దీనికేం తెలుసమ్మా? ఇదేం పాపం జేసింది?"

జ్వరంతో ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఎస్తేరు ఉక్కు పెట్టె వైపు చూసింది. అద్దం వెనక తెల్లటి గింజలు వరసగా ఉన్నాయి. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

"ఈ మిషన్‌కు కావాల్సింది ఏమిటి రహమత్?" అంది ఉన్నట్టుండి.

"వెలగని చెయ్యి మేడమ్."

ఎస్తేరు తెల్లకోటు విప్పింది. జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఆమె ఇంట్లో ఒంటికి పసుపు రాసుకునే అలవాటు లేదు. మోచేతి పైన నల్లటి పుట్టుమచ్చ తప్ప చర్మం మీద ఏ రంగూ లేదు. నాంచారి పేరున్న గింజ కార్డు చూపించి, మిషన్ని తన చేతికి ఆనించింది.

మిషన్ కాసేపు ఆలోచించింది. గొంతు మార్చింది. "హెచ్చరిక. మీ గింజలో మందు లేదు. వెంటనే మార్పించుకోండి."

ఉక్కు పెట్టె టక్కున తెరుచుకుంది.

"దొంగతనం చేశాం మేడమ్," అంది రహమత్ గుసగుసగా.

"కాదు. దానితో నిజం చెప్పించాం. ఈ చేతిలో నిజంగానే మందు లేదు." ఎస్తేరు చేతులకు గ్లౌజులు తొడుక్కుంది. "చెయ్యి చాపు నాంచారీ."

* * *

ఆ తరువాత అదే పద్ధతైంది. ఎవరికి నాలుక తెల్లబడినా, ఎవరి ఒళ్లు తగ్గుతున్నా, వాళ్ల కార్డు, ఎస్తేరు చెయ్యి. గోడ మీది పోస్టర్లు రహమత్ ఒక్కొక్కటే చింపేసింది. అడిగితే చెద పట్టిందని చెప్పింది. కంపెనీ జాబితాలో రేవులపాడు మొదటి స్థానం నుంచి జారి జారి అట్టడుక్కు చేరింది. షీల్డు వెనక్కి పంపమని ఉత్తరం వచ్చింది. ఆ రోజు ఎస్తేరు అందరికీ టీ చెప్పించింది.

పడిపోయిన స్థానం గురించి ఆరా తీసినవాడికి మిషన్ దాచిన ఫొటోలు దొరికాయి. వేరు వేరు పేర్లు. అన్ని చేతుల మీదా అదే నల్లటి పుట్టుమచ్చ.

విజయవాడలో విచారణ పెట్టారు. ఏసీ గదిలో ముగ్గురు పెద్దలు, తెర మీద విదేశాల నుంచి ఇద్దరు, ఓ మూల తలవంచుకుని అన్వేష్.

"ఈ చెయ్యి ఎవరిది డాక్టర్?"

"నాదేనండీ." ఎస్తేరు జాకెట్టు చెయ్యి మడిచి మోచెయ్యి బల్ల మీద పెట్టింది. "సరిగ్గా చూసుకోండి. మా ఊళ్లో ఆడవాళ్లలో మీ మిషన్ నిజం చెప్పింది ఈ ఒక్క చేతికే."

"అవసరం లేనివాళ్లకు గింజలు పంచిపెట్టారు. రికార్డులు తారుమారు చేశారు."

"అవసరం లేదని మీరెలా చెప్పగలరు?"

"మిషన్ చెప్పింది కదా!"

"మా ఇంట్లో కొరమేనుకు కూడా చెప్పిందండీ."

తెర మీది విదేశీయుడికి ఎవరో ఆ మాట తర్జుమా చేశారు. అతనికి నవ్వు రాలేదు. గింజలు వృథా చేసిందని నిరూపించడానికి, ఆమె ఇచ్చినవాళ్లందరికీ, ఇంకా ఇవ్వనివాళ్లకు కూడా, రక్తపరీక్షలు చేయించాలని ఆజ్ఞ వేశారు. అంతవరకూ ఆమెను విధుల నుంచి తప్పించారు.

ఎస్తేరు మెట్లు దిగి వచ్చి ఫోన్లో భర్తకు చెప్పింది. "నన్ను తీసేశారండీ. ల్యాబు తెరుస్తున్నారు. నేను అబద్ధాలాడానని తేల్చడానికి. చేతులు పట్టుకుని బతిమాలితే తీయని రక్తం, నా మీద కోపంతో తీస్తున్నారు."

* * *

ఫలితాలు వచ్చిన రోజు ఆమె డాక్టరు గదిలోకి వెళ్లలేదు. బయట బెంచీ మీద ఆడవాళ్ల మధ్య కూర్చుంది. కొత్త గింజ పడ్డవాళ్లందరి రక్తంలో వైరస్ అణిగింది. మిషన్ అభినందిస్తూ వచ్చిన మిగతా ఆడవాళ్లలో చాలామందికి విపరీతంగా పెరిగి ఉంది. మాత్రలు వ్యాన్లలో తిరిగి వస్తున్నాయని అన్వేష్ స్వయంగా వచ్చి చెప్పాడు. లూర్దమ్మ కూతురు కూడా వచ్చింది. వాళ్లమ్మ పాత కార్డు చేతిలో పట్టుకుని ఉంది. దాని మీద రాయడానికి ఇప్పుడు ఏ ఫలితమూ లేదు. ఆ పిల్లను చూసి ఎస్తేరు పక్కకు జరిగి చోటిచ్చింది.

నాంచారి నెల దాటిన బిడ్డను తెచ్చి ఎస్తేరు ఒళ్లో పెట్టింది. నలుగు పెట్టి స్నానం చేయించారేమో, ఆడపిల్ల ఒళ్లంతా పసుపు వాసన. అరికాళ్లు పచ్చగా, మెత్తగా ఉన్నాయి.

లోపలి నుంచి రహమత్ పరుగున వచ్చింది. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో కంపెనీకి తిప్పి పంపాల్సిన మిషన్. "లేదు మేడమ్! పాపకు లేదు! నాంచారీ, నీ కూతురికి జబ్బు లేదే!"

నాంచారి కొంగు నోట్లో కుక్కుకుని అలాగే నేల మీద కూలబడింది. ఆ సంబరంలో రహమత్ బిడ్డ మీదికి వంగింది. ఆమె బొటనవేలు మీట మీద పడింది. నీలం వెలుతురు పాప అరికాళ్ల మీద పడి, అవి పచ్చగా వెలిగాయి.

"అభినందనలు! మీ గింజలో మందు నిండుగా ఉంది. ఇలాగే..."

లూర్దమ్మ కూతురు తల తిప్పి మిషన్ వైపు చూసింది.

"ముందు దాని నోరు మూయించండి డాక్టరమ్మా!" అంది నాంచారి ఏడుస్తూనే.

ఎస్తేరు బిడ్డను ఒక చేత్తో గుండెకు అదుముకుంది. రెండో చేత్తో మిషన్ని లాక్కుని, మీట నొక్కి పట్టుకుంది. వెలుతురు ఆరిపోయినా, గొంతు ఆగిపోయినా, వేలు తియ్యలేదు.